24 గంటల నొప్పి: పిల్లల అపెండిసైటిస్, కీహోల్ ఆపరేషన్

(రాజపాళయంలో మిల్లు కార్మిక కుటుంబాల సమావేశంలో పిల్లల సర్జన్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



మీ సంఘం వాళ్లు నన్ను పిలిచి, "పిల్లలకు అపెండిక్స్ ఆపరేషన్ కడుపు కోయకుండా చేస్తున్నారట, దాని గురించి మా వాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి" అన్నారు. అడగవలసిన ప్రశ్నే. కానీ దాని వెనక ఇంకో మూడు ప్రశ్నలు ఉన్నాయి. పిల్లవాడి కడుపునొప్పి ఎప్పుడు మామూలుది, ఎప్పుడు కాదు? కీహోల్ ఆపరేషన్ కోసం మదురై దాకా పరుగెత్తాలా? షిఫ్టు వదిలి ఆసుపత్రిలో కూచుంటే ఆ రోజుల కూలి ఎవరిస్తారు? ఈ మూడింటికీ జవాబు చెప్పకుండా, ఆపరేషన్ గొప్పదనం మాత్రం చెప్పి వెళ్లిపోతే మీకు ఒరిగేదేమీ లేదు.

అందుకని అసలు మాట ముందే చెప్పేస్తాను. కోత ఎంత చిన్నదన్నది రెండో విషయం. ఎన్ని గంటల్లో ఆసుపత్రి చేరామన్నది మొదటి విషయం.

పేగుకు ఉన్న తోక

మన కడుపులో కుడివైపు కింది భాగంలో పెద్దపేగు మొదలవుతుంది. అక్కడ వేలెడు పొడవున ఒక చిన్న గొట్టం వేలాడుతూ ఉంటుంది. అదే అపెండిక్స్. తమిళంలో కుడల్‌వాల్ అంటారు, అంటే పేగుతోక. ఈ గొట్టానికి ఒకవైపే నోరు ఉంది, రెండోవైపు మూసి ఉంటుంది. గట్టిపడిన మలం ముక్క ఆ నోటికి అడ్డం పడినా, గొట్టం గోడలోని గ్రంథులు వాచినా లోపలిది బయటికి రాలేదు. సూక్ష్మక్రిములు పెరుగుతాయి, చీము పడుతుంది, గొట్టం ఉబ్బుతుంది. ఉబ్బి ఉబ్బి తన గోడకు వచ్చే రక్తాన్ని తానే ఆపేసుకుంటుంది. రక్తం అందని చోట గోడ కుళ్లి చిల్లు పడుతుంది. ఆ చీము కడుపంతా పాకితే ప్రాణం మీదికి వస్తుంది.

రింగ్ ఫ్రేము మీద పనిచేసేవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తెగిన పోగును చూసిన వెంటనే అతికితే అంతటితో పోతుంది. చూడకుండా వదిలేస్తే దూది రోలరుకు చుట్టుకుని ల్యాపింగ్ అవుతుంది. పక్క పోగులనూ తెంపుతుంది. అప్పుడు ఫ్రేము ఆపి, కొక్కెం పెట్టి లాగి, కోసి తీయాలి. తప్పు మొదట చిన్నదే. దాన్ని పెద్దది చేసేది ఆలస్యం.

ఆంధ్ర పల్లెల్లో ఈ జబ్బుకు "24 గంటల నొప్పి" అని ఒక పేరుంది. సరిగ్గా 24 గంటలకే ముప్పు వస్తుందని కాదు. కొందరికి ముందే చిల్లు పడవచ్చు, కొందరికి రెండు రోజులు పట్టవచ్చు. నొప్పి మొదలై ఒకటిన్నర రోజు దాటాక మాత్రం చిల్లు పడే ప్రమాదం గంటగంటకూ పెరుగుతుంది. ఆ పేరు పెట్టిన పెద్దలకు డాక్టరు చదువు లేకపోయినా, ఈ నొప్పిని గంటల్లో లెక్కపెట్టాలని తెలుసు. మనం మరిచిపోకూడనిది కూడా అదే.

నొప్పి ఎలా నడుస్తుంది

పిల్లలకు కడుపునొప్పి వందసార్లు వస్తుంది. తొంభైసార్లకు పైగా అజీర్ణం, మలబద్ధకం, పురుగులు, నీళ్ల విరేచనాలు. ప్రతి నొప్పికీ భయపడనక్కర లేదు. కానీ అపెండిసైటిస్ నొప్పికి ఒక నడక ఉంది, దాన్ని గుర్తు పెట్టుకోండి.

మొదట బొడ్డు చుట్టూ నొప్పి. ఎక్కడని అడిగితే పిల్లవాడు అరచేయి మొత్తం కడుపు మీద పెడతాడు. ఆకలి పోతుంది, ఇష్టమైనది పెట్టినా వద్దంటాడు. తర్వాత ఒకటి రెండు వాంతులు. కొద్దిపాటి జ్వరం. కొన్ని గంటలు గడిచాక నొప్పి కుడివైపు కిందికి దిగి అక్కడే కూచుంటుంది. అప్పుడు అడిగితే ఒక్క వేలితో చూపిస్తాడు. నడిస్తే వంగి నడుస్తాడు. దగ్గితే, గెంతితే, బండి గుంటలో పడితే "అబ్బా" అంటాడు. కాలు ముడుచుకుని కదలకుండా పడుకుంటాడు.

వాంతి ముందా, నొప్పి ముందా అని కూడా చూడండి. తిన్నది పడని జబ్బుల్లో వాంతులు, విరేచనాలు తరచు ముందు వస్తాయి. అపెండిసైటిస్‌లో సాధారణంగా నొప్పి ముందు, వాంతి తర్వాత.

ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల లోపు. అయిదేళ్ల లోపు పిల్లలకు తక్కువే. కానీ వస్తే వాళ్లకే ఎక్కువ ముప్పు. నొప్పి ఎక్కడో చెప్పలేరు, ఏడుస్తారు అంతే. ఒక్కోసారి విరేచనాలు కూడా అవుతాయి కాబట్టి మామూలు జబ్బే అనుకుంటాం. అందుకే అయిదేళ్ల లోపు పిల్లల్లో సగం మందికి పైగా జబ్బు తేలేసరికే చిల్లు పడి ఉంటుంది. చంటిబిడ్డ కడుపు ఉబ్బి, ముట్టుకోనివ్వకుండా, తిండి మానేసి నలతగా ఉంటే ఎదురు చూడకండి.

ఇంకో మోసం ఉంది. విపరీతంగా ఉన్న నొప్పి హఠాత్తుగా తగ్గినట్టు అనిపిస్తుంది. "అమ్మయ్య, తగ్గింది, నైట్ షిఫ్టుకు పోదాం" అనుకుంటాం. ఉబ్బిన గొట్టం పగిలితే లోపలి ఒత్తిడి తగ్గి కాసేపు అలాగే ఉంటుంది. కొన్ని గంటల్లో కడుపంతా నొప్పి, ఎక్కువ జ్వరం వస్తాయి.

ఇంట్లో చేయకూడనివి

ఒకటి, ఆముదం గాని, విరేచనాల మాత్రలు గాని, ఎనిమా గాని ఇవ్వకండి. కడుపు కడిగేస్తే పోతుందని అవ్వలు ప్రేమతోనే చెబుతారు. వాచిన గొట్టం ఉన్న కడుపుకు ఆ వైద్యం పనికిరాదు. రెండు, మందుల షాపులో మాత్ర కొని వేసి "రేపు చూద్దాం" అనకండి. నొప్పికి మాత్ర వేయడం పాపం కాదు, ఆసుపత్రిలో డాక్టర్లే నొప్పి తగ్గించే మందు ఇస్తారు. మాత్ర వేసి రోజు గడిపేయడమే తప్పు. మూడు, అనుమానం వచ్చాక ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు తినడానికి ఏమీ పెట్టకండి. మత్తు ఇవ్వవలసి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి.

డాక్టరు దగ్గర మూడు సంగతులు తప్పకుండా చెప్పండి: నొప్పి ఎన్ని గంటలకు మొదలైంది, ఎక్కడ మొదలై ఎక్కడికి జరిగింది, చివరిసారి ఎప్పుడు తిన్నాడు. నైట్ షిఫ్టుకు వెళ్లే తల్లి బిడ్డను అవ్వకో, పక్కింటి అక్కకో అప్పగిస్తుంది. ఆసుపత్రికి తీసుకెళ్లేది ఇంకొకరు కావచ్చు. అందుకని ఆ గంట కాగితం మీద రాసి పెట్టండి. మనవాళ్లలో చాలామంది పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, డాక్టరు తమిళంలో అడుగుతాడు. భయపడ్డ చిన్నపిల్లవాడు నోరు విప్పడు. "ఎక్కడ నొస్తోంది, వేలు పెట్టి చూపించు" అని మీరే ఇంటి మాటలో అడిగి డాక్టరుకు చెప్పండి.

ఆసుపత్రిలో

డాక్టరు చెయ్యి పెట్టి చూస్తాడు. రక్తం, మూత్రం పరీక్ష చేయిస్తాడు. తర్వాత అల్ట్రాసౌండ్ స్కాన్. దానిలో ఎక్స్‌రే కిరణాలు లేవు కాబట్టి పిల్లలకు మొదట అదే మంచిది. స్కానులో అపెండిక్స్ కనపడలేదన్నంత మాత్రాన జబ్బు లేదని కాదు. అనుమానం ఉంటే డాక్టరు ఆసుపత్రిలోనే ఉంచి కొన్ని గంటల తర్వాత మళ్లీ చూస్తాడు. "ఊరికే పడుకోబెట్టారు" అని పిల్లవాణ్ణి ఇంటికి తీసుకుపోకండి. ఆ చూపు కూడా వైద్యమే.

జబ్బు తేలితే సెలైను, యాంటీబయాటిక్ మందు వెంటనే మొదలవుతాయి. చిల్లు పడని పిల్లవాడికి, మందు ఎక్కుతూ ఉంటే, ఆపరేషన్ తెల్లవారి చేసినా పరవాలేదు. రోజులోపు చేస్తే చాలు. ఇంట్లో గడిచిన గంటకూ ఆసుపత్రిలో మందు కింద గడిచిన గంటకూ తేడా ఉంది.

"ఆపరేషన్ లేకుండా మందుతో తగ్గదా?" అని అడుగుతారు. చిల్లు పడని కొందరికి తగ్గుతుంది. కెనడా, అమెరికా, ఫిన్లాండ్, స్వీడన్, సింగపూర్ ఆసుపత్రుల్లో 936 మంది పిల్లలపై ఈ పరీక్ష చేసి 2025లో ఫలితాలు ప్రకటించారు. మందుతోనే వైద్యం చేసిన పిల్లల్లో 34 శాతం మందికి, అంటే ముగ్గురిలో ఒకరికి, ఏడాది లోపల ఆ వైద్యం చాలలేదు. మళ్లీ నొప్పి వస్తే అర్ధరాత్రి అయినా అందుబాటులో ఆసుపత్రి ఉండాలి, గమనించే మనిషి ఉండాలి. ఇవి ఉన్నాయా లేవా అన్నది డాక్టరుతో కూచుని మాట్లాడి తేల్చుకోవలసిన విషయం.

కీహోల్ అంటే ఏమిటి

పాత పద్ధతిలో కుడివైపు కింద రెండు మూడు అంగుళాల లోపు కోత పెట్టి అపెండిక్స్ తీసి కుట్లు వేస్తారు. కీహోల్ పద్ధతికి డాక్టర్ల పేరు లాపరోస్కోపీ. పిల్లవాడికి పూర్తి మత్తు ఇస్తారు. బొడ్డు దగ్గర ఒక చిన్న రంధ్రం చేసి, కడుపులోకి కార్బన్ డయాక్సైడ్ గాలి కొద్దిగా పంపి గుడారంలా లేపుతారు. పెద్దలకంటే పిల్లలకు ఈ గాలి ఒత్తిడి తక్కువ పెడతారు. ఆ రంధ్రం గుండా సన్నటి కెమెరా వెళుతుంది. లోపలిదంతా టీవీ మీద కనబడుతుంది. ఇంకో రెండు రంధ్రాలు పెడతారు, అవి పెన్సిలు కంటే సన్నం, సుమారు 5 మిల్లీమీటర్లు. వాటి గుండా పొడుగాటి పనిముట్లు పంపి, అపెండిక్స్ మొదలును దారపు ముడితో బిగించి, కోసి, సంచిలో వేసి బొడ్డు రంధ్రం నుంచి లాగుతారు. చిక్కు లేకపోతే గంట లోపు పని.

లాభాలు ఏమిటి? నొప్పి తక్కువ. గాయం చీము పట్టడం తక్కువ. మచ్చ చిన్నది. కడుపు నాలుగు మూలలా చూడవచ్చు. ఆడపిల్లలకు ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే అండాశయం మెలిక పడినా నొప్పి అచ్చం ఇలాగే ఉంటుంది. చిల్లు పడని పిల్లవాడు సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పోతాడు, వారంలో బడికి పోతాడు. పరుగులు, బరువులు మాత్రం డాక్టరు చెప్పేదాకా వద్దు.

మన పక్కన ఛత్రపట్టిలో ఆపరేషన్లకు వాడే గాజుగుడ్డ, బ్యాండేజి గుడ్డ నేస్తారు. కోత చిన్నదైతే గుడ్డ తక్కువ పడుతుంది. నేతగాళ్లు దానికి బాధపడరనే అనుకుంటాను.

ఇది ఎక్కడి నుంచి వచ్చింది

రికార్డుల్లో ఉన్న మొట్టమొదటి అపెండిక్స్ ఆపరేషన్ ఒక పిల్లవాడికే జరిగింది. 1735లో లండన్‌లో క్లాడియస్ అమియాండ్ అనే సర్జన్ 11 ఏళ్ల అబ్బాయికి చేశాడు. ఆ పిల్లవాడు మింగిన గుండుసూది అపెండిక్స్‌ను పొడిచింది. మత్తుమందు ఇంకా పుట్టని కాలం. అయినా ఆ పిల్లవాడు బతికాడు.

కీహోల్ పద్ధతిలో మొదటిసారి అపెండిక్స్ తీసినవాడు జర్మనీలోని కీల్ నగరంలో స్త్రీల వైద్యుడు కుర్ట్ సెమ్, 1980లో. కడుపులోకి గాలి పంపే యంత్రాన్ని, ముడి వేసే పనిముట్లను తానే తయారు చేసుకున్నాడు. పెద్ద పెద్ద సర్జన్లు మెచ్చుకోలేదు సరికదా, ఆయన్ను వైద్యం చేయనివ్వకూడదని జర్మన్ సర్జన్ల సంఘం అధ్యక్షుడే ఉత్తరం రాశాడు. పదేళ్లలో ప్రపంచమంతా ఆ దారే పట్టింది. మన దేశంలో 1990లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో డాక్టర్ తెహెమ్టన్ ఉద్వాడియా ఈ పద్ధతిలో మొదటిసారి పిత్తాశయం తీశారు. అది సర్కారు ఆసుపత్రి అని గమనించండి. ఈ పద్ధతి వల్ల ఎక్కువ మేలు పొందేది పేదవాడేనని ఆయన వాదన, ఎందుకంటే వాడు త్వరగా పనిలోకి పోవాలి. మన తమిళనాట గుడ్డల మిల్లుల ఊరు కోయంబత్తూరులోనే డాక్టర్ సి. పళనివేలు వంటి వారు 1990లలో దీన్ని చేపట్టి ఎంతోమంది సర్జన్లకు నేర్పారు.

కీహోల్ లేకపోతే?

ఇక్కడే జాగ్రత్తగా వినండి. కీహోల్‌కు పూర్తి మత్తు ఇచ్చే డాక్టరు కావాలి, యంత్రం కావాలి, చేయి తిరిగిన సర్జన్ కావాలి. ఇవన్నీ ప్రతి ఆసుపత్రిలో, ప్రతి రాత్రి ఉండవు. దగ్గరి ఆసుపత్రిలో పిల్లలకు ఆపరేషన్ చేయగల సర్జన్ ఉండి, "నేను పాత పద్ధతిలో చేస్తాను, ఇప్పుడే చేయాలి" అంటే, వద్దని ఊళ్లు తిరగకండి. పాత పద్ధతి వందేళ్లకు పైగా లక్షల మందిని బతికించింది. అంగుళం మచ్చ తగ్గించుకోవడానికి ఆరు గంటలు పోగొట్టుకోవడం మంచి బేరం కాదు. చిల్లు పడ్డాక ఏ పద్ధతిలో చేసినా లోపల మళ్లీ చీము గూడు కట్టే ప్రమాదం ఉంటుంది. సూది మందులతో చాలా రోజులు ఆసుపత్రిలోనే ఉండాలి.

అలాగే, కీహోల్ మొదలుపెట్టి మధ్యలో సర్జన్ కోత పెట్టవలసి వస్తే అది ఓటమి కాదు. బిడ్డ క్షేమం కోసం తీసుకున్న నిర్ణయం.

ఇక్కడి డాక్టరే "మదురైకి తీసుకుపోండి" అంటే అది వేరు. సుమారు 85 కిలోమీటర్ల దారి. 108కి ఫోను చేయండి, అంబులెన్సుకు డబ్బు కట్టనక్కర లేదు. బయల్దేరే ముందు సెలైను, మందు మొదలుపెట్టమని, రిఫరల్ చీటీ మీద టైము రాయమని అడగండి. 2022 నుంచి మన జిల్లాలోనే విరుదునగర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ఎక్కడికి పంపితే త్వరగా ఆపరేషన్ జరుగుతుందో ముందుగా ఫోను చేసి కనుక్కోమని డాక్టరునే అడగండి. అడగడం మీ హక్కు.

ఖర్చు, కూలి

1948 చట్టంతో వచ్చిన ఇ.ఎస్.ఐ. మీ దానం కాదు, మీ డబ్బు. 2019 జూలై నుంచి కార్మికుడి జీతంలో 0.75 శాతం, యాజమాన్యం వంతు 3.25 శాతం దానికి పోతోంది. 15,000 రూపాయల జీతానికి మీ వంతు నెలకు సుమారు 113 రూపాయలు. దానికి బదులుగా మీకే కాదు, మీ భార్యకు లేక భర్తకు, పిల్లలకు కూడా వైద్యం ఉంది. శివకాశిలో, మదురైలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రులు ఉన్నాయి. అక్కడ కుదరని వైద్యానికి ఒప్పందం ఉన్న ఆసుపత్రులకు రాసి పంపుతారు. కానీ కార్డులో పిల్లల పేర్లు ఎక్కి ఉండాలి. అర్ధరాత్రి కౌంటరు ముందు నిలబడి పేరు లేదని తెలుసుకోవడం కంటే ఈ వారమే చూసుకోవడం మంచిది. అత్యవసరంలో వేరే ఆసుపత్రికి పోవలసి వస్తే ప్రతి బిల్లు, ప్రతి చీటీ భద్రంగా ఉంచండి. ఖర్చు తిరిగి అడగడానికి అవే ఆధారం. ఇ.ఎస్.ఐ. లేని కాంట్రాక్టు కార్మికులకు ప్రభుత్వాసుపత్రి ఉంది, ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం ఉంది. ఆ పథకపు కార్డు ఇప్పుడే తీసుకుని పెట్టుకోండి.

ఇక కూలి. మీకు జబ్బు చేస్తే ఇ.ఎస్.ఐ. జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తుంది. మీ బిడ్డకు జబ్బు చేసి, మీరు మంచం పక్కన కూచుంటే ఆ సొమ్ము లేదు. సెలవు మిగిలి ఉంటే వాడుకోవాలి, లేకపోతే కూలి పోయినట్టే. తల్లిదండ్రులు ఆలస్యం చేసేది ప్రేమ లేక కాదు. రాత్రి షిఫ్టు మానేస్తే ఆ రోజు కూలితో పాటు నెలాఖరు హాజరు బోనసు కూడా పోతుందన్న భయం వల్ల. ఆ లెక్క ఇలా వేసి చూడండి. మొదటి రోజే వెళితే ఒకటి రెండు రోజుల ఆసుపత్రి. చిల్లు పడ్డాక వెళితే వారం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. ఒక షిఫ్టు మిగుల్చుకోబోయి ఏడు షిఫ్టులు పోగొట్టుకుంటాం. ఏడు షిఫ్టులు పోవడం కూడా చిన్న విషయమే, బిడ్డ ప్రాణం ముందు.

సంఘం చేయగలిగింది

ఇదంతా ఒక్కో కుటుంబం ఒంటరిగా మోయవలసిన బరువు కాదు. వైద్యుడిగా నాకు కనిపించిన నాలుగు పనులు చెబుతాను, నిర్ణయం మీది.

రాత్రి షిఫ్టులో ఉన్న తల్లికి ఇంటి నుంచి ఫోను వస్తే ఆ కబురు మిషను దగ్గరికి అయిదు నిమిషాల్లో చేరాలి. గేటు దగ్గర ఆగిపోకూడదు. పిల్లల అత్యవసరానికి షిఫ్టు మధ్యలో బయటికి పోయినవారి హాజరు బోనసు కోయకూడదు. బిడ్డ ఆసుపత్రిలో ఉన్న రోజులకు జీతంతో కూడిన సెలవు మీ తదుపరి ఒప్పందం డిమాండ్లలో చేర్చండి. మన ఊరి ప్రభుత్వాసుపత్రిలో రాత్రిపూట సర్జన్, మత్తు డాక్టరు, స్కాను ఉండాలని అడగండి. 1936లో రాజపాళయం మిల్లు పెట్టిన నాటి నుంచి ఈ ఊళ్లో రాత్రింబగళ్లు కదురు తిరుగుతూనే ఉంది. కదురు తిరిగే ఊళ్లో ఆపరేషన్ గది రాత్రి తాళం వేసి ఉండకూడదు కదా!

మీరు ఇంటికి పోయాక అంతా మరిచిపోయినా ఒక్క మాట గుర్తుంచుకోండి. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు దిగిన నొప్పి, తిండి మీద అయిష్టం, వంగిన నడక. ఈ మూడూ కలిసి కనిపిస్తే గడియారం చూసి గంట రాసుకుని బయల్దేరండి. రంధ్రమా, కోతా అన్నది సర్జన్ చూసుకుంటాడు. గంటలు మాత్రం మీ చేతిలో ఉన్నాయి.

 ఇక మీ ప్రశ్నలు అడగండి.